నాను

పెద్దాసుపత్రి ఓపీ కౌంటర్లో
ఇరవయ్యేడేళ్ళు చీటీలు రాసేను.
చెయ్యి పట్టేంత కన్నం ఆ కిటికీకి.
"పేషెంటెవరు?" అంటే
పేరుకంటే ముందు
ఒక చిన్న ముక్క లోపలికొచ్చేది.

డాక్‌యార్డు గేటు జవాను "మై" అనేవాడు,
జ్వరంలోనూ అటెన్షన్‌లో నిలబడి.
కొరాపుట్ నుంచి రాత్రి పాసింజరెక్కిన ముసలమ్మ "ము" అనేది.
సగం ముక్కుతోనే అయిపోయే మాట,
నొప్పిలో ఉన్నవాళ్ళకి సుళువు.
కైలాసగిరి మెట్ల మీద కాలు మడతపడ్డ కలకత్తా ఆయన
"ఆమి" అంటే
"ఆమె సంగతి తరవాత, ముందు మీదేంటి?" అన్నాను.
గుండె మీద చెయ్యేసుకుని మళ్ళీ "ఆమి" అన్నాడు పాపం.
ఓడ దిగిన ఫిలిప్పీన్స్ కుర్రాడు
కాలిన చెయ్యి చాపి "అకో" అంటే
పుచ్చుకో అన్నట్టే వినబడింది.

పాడేరు మీదనించి దిగిన కువి మనిషి మాత్రం
"నాను" అంది.
పెన్ను ఆగిపోయింది.

అది మా మాట.
జాలారిపేటలో పుట్టేను.
మూడో తరగతిలో విశాలాక్షి టీచరు
పలక నిండా రాయించేది, నేను, నేను, నేను.
"నాను" అంటే నీచు వాసనని
ముందు బెంచీ పిల్లలు ముక్కు మూసుకునేవారు.
వేళ్ళు వారంలో నేర్చుకున్నాయి.
నోటికి నాలుగేళ్ళు పట్టింది.
ఓ రాత్రి ఇంట్లో "నేను తరవాత తింటాను" అన్నాను.
మాయమ్మ చేప ముల్లు తీస్తా తీస్తా ఆగి
"ఒలే, ఎవులితో మాటాడతన్నావే?" అంది.

కిడ్నీలో రాయితో వచ్చిన యూనివర్సిటీ మేస్టారొకాయన
స్కానింగు క్యూలో కూలబడి చెప్పేరు.
పూర్వం "ఏను" అనేవారమ్మా,
అరవంలో "యాన్".
ముందున్న "న" తరవాత వచ్చి అంటుకుంది.
మనమందరం అనే అర్థమొచ్చే
పాత మాట ఒకటుండేదిట,
దాని దగ్గర అరువు తెచ్చుకుందని ఒక ఊహ.
"తీర్చిందాండీ ఆ అప్పు?"
ఆయన నవ్వబోయి నడుం పట్టుకున్నారు.
మీ నాను తప్పు కాదమ్మా,
బెంగుళూరులో పాఠాల్లోనే ఉంటుంది, అన్నారు.
టీచరుకి ఆ ఊరు బదిలీ అయ్యుంటే బాగుండును.

సీతంపేట సవరాయన "ఞేన్" అన్నాడు ఇంకోసారి.
అదీ మాదేననుకున్నాను.
దానికి మన భాషలతో చుట్టరికమే లేదన్నారు మేస్టారు.
వేరే పడవల చెక్కలు,
ఒకే ఒడ్డుకి కొట్టుకొచ్చాయంతే.

తుపాను వెలిసిన మర్నాడు
హార్బరు నుంచి నలుగురు ఒకణ్ణి మోసుకొచ్చేరు.
చెవుల్లో ఇసక.
నోట్లో ఏ భాషా లేదు.
"ఎవరు?"
"మనోడేనమ్మా."
"పేరు?"
ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.
"మనోడే. రాసెయ్యండి."
పేరు గడిలో అదే రాసేను.
సూపర్నెంటు మెమో ఇచ్చేడు.
ఆ మనిషి కళ్ళు తెరిచి
ఏ మాటతో మొదలెట్టేడో నాకు తెలీదు,
డ్యూటీ మారిపోయింది.

మొన్న గురువారం కిటికీకి ఇవతల నిలబడ్డాను.
ఇప్పుడు కంప్యూటరు.
కుర్రాడు తలెత్తలేదు.
"పేషెంటెవరు?"
ఇరవయ్యేడేళ్ళు నాలిక చివర కాపలా కాసిన "నేను"
ఆ క్షణాన ఎక్కడికి పోయిందో.
"నాను."
"ఏంటి?"
వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.
"నానే బాబూ. మైలపల్లి పరదేశమ్మ. అరవైనాలుగు."
టకటకా కొట్టేడు.
చీటీ మీద పరదేశమ్మ ఉంది,
వయసుంది, ఫోన్ నంబరుంది.

ఆరో నంబరు గది ఎక్కడో నాకు తెలుసు.
కళ్ళు మూసుకుని పోగలను.
అయినా కన్నంలోకి వంగి
ఇంకోసారి అడిగేను,
"నానెటెల్లాల బాబూ?"